కటింగ్ మిషన్‌కి కట్టిన పసుపు దారం

ఈ మధ్య నా ఎడమచేతి చూపుడువేలికి చలి తెలుస్తోంది. ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీస్తే వేలి చివర జివ్వుమంటోంది. ఆ మాట చెప్పిన పాపానికి మా ఆవిడ సత్యవతి అదే సీసాని మళ్ళీ మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఇప్పుడో? తెలుత్తందా?" అని అడుగుతూ, సీసాలో చల్లదనం పోయేదాకా నన్ను వదల్లేదు. ఒక వేలికి చలి వేస్తే పండగ చేసుకునే ఇల్లు విశాఖపట్నం మొత్తమ్మీద మాదొక్కటే అనుకుంటాను.

నేను కార్పెంటర్ని. గాజువాకలో చిన్న షాపు ఉంది. కొత్త ఫ్లాట్లకి వంటింటి అల్మరాలూ, వార్డ్‌రోబులూ చేస్తాం. 'చేస్తాం' అంటే నేనూ, సత్యవతి తమ్ముడు నూకరాజూ. మా ఇద్దరిలో నోరు నాది, ఓపిక వాడిది. కిందటి దసరా మర్నాడు పనిలో నా ఎడమచెయ్యి తెగింది. గండం గడిచింది కాబట్టే ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. రాసే చెయ్యి కుడిది కావడం కూడా ఒక అదృష్టమే. కటింగ్ మిషన్ పట్టేవాళ్ళు ఇది చదివితే మంచిది. వాళ్ళ ఇంట్లోవాళ్ళు చదివితే ఇంకా మంచిది, ఎందుకంటే మా ఇంట్లో ఈ కథ మొదలైంది పూజ దగ్గర.

దసరా

మా షాపులో విజయదశమికి మిషన్లకి తలంటు ఒక్కటే ఉండదు, మిగతా మర్యాదలన్నీ జరుగుతాయి. నూకరాజు వాటిని తుడిచి చాప మీద వరసగా పెడతాడు. సత్యవతి గంధం, కుంకుమ పట్టుకుని సుత్తి దగ్గర మొదలుపెట్టి డ్రిల్లింగ్ మిషన్ దాకా ఒక్కదాన్నీ వదలకుండా బొట్టు పెడుతుంది. కొలత టేపుకి కూడా పెడుతుంది.

కటింగ్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చేత్తో పట్టుకుని ప్లైవుడ్ కోసే ఈ మిషన్‌కి గుండ్రటి పళ్ళ బ్లేడు ఉంటుంది. ఆ బ్లేడు కింది సగాన్ని కప్పుతూ స్ప్రింగు మీద కదిలే ఒక రేకు ఉంటుంది, దాన్ని గార్డు అంటాం. చెక్క కోస్తున్నంతసేపూ గార్డు వెనక్కి జరుగుతుంది. కోత అయిపోగానే దానంతటదే టక్కుమని ముందుకు వచ్చి పళ్ళని మూసేస్తుంది. మాకు ఆ టక్కుమనే చప్పుడు రోజూ వినేదే కాబట్టి ఎవరమూ పట్టించుకోం.

సత్యవతి బ్లేడుకే బొట్టు పెట్టాలంది. గార్డు మీద పెట్టమన్నాను.

"పన్సేసీది బ్లేడు. పైనున్న రేకుకి బొట్టెట్టి ఏటి లాబం?" అంది.

ప్లగ్గు ఎలాగూ తీసే ఉంది కదా అని ఊరుకున్నాను. ఆవిడ గార్డుని వెనక్కి లాగుతుంది, బొట్టు పెట్టబోయేలోపు అది మూసుకుపోతుంది, కుంకుమంతా రేకుకి పులుముకుపోతుంది. కాసేపు చూసి, గార్డుని పూర్తిగా వెనక్కి లాగి, పూజకి తెచ్చిన పసుపు దారంతో దాన్ని పిడికి గట్టిగా కట్టేసింది. దారానికి పసుపు కొమ్ము కూడా ఉంది. బ్లేడు మీద చక్కగా మూడు బొట్లు పెట్టింది. పళ్ళు చూపిస్తూ కూర్చున్న ఆ మిషన్‌ని చూసి, పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినట్టుందని అందరం నవ్వుకున్నాం.

మా ఇళ్ళలో పూజలో కట్టిన దారాన్ని చేత్తో తెంపం. అది అరిగి, దానంతటది రాలిపోవాలి. ఆ దారం అలాగే ఉండిపోయింది.

మర్నాడు

మధురవాడలో ఒక ఫ్లాటుకి వంటింటి పని నడుస్తోంది. గృహప్రవేశం దగ్గరపడింది. నూకరాజు బ్యాగులోంచి మిషన్ తీసి నాకు ఇవ్వబోతూ ఆగాడు.

"బావ, ఆ దారం తీసీ. గార్డు మూసుకోదు."

"నిన్ననే కట్టినాది మీ అక్క. ఇయ్యాల తెంపీసినానంటే సాయంత్రం నాకు అన్నం ఎడతాదేటి?"

"అది పూజ దారమని మిషన్‌కి తెలుత్తాదేటి బావ?"

నవ్వి ప్లగ్గు పెట్టాను. దారం దానంతటది రాలేదాకా జాగ్రత్తగా ఉంటే చాలనుకున్నాను. వాడు అడిగిన ఆ ప్రశ్న తర్వాత ఎన్ని నెలలు నన్ను నిద్రపోనివ్వలేదో వాడికి తెలియదు.

కోసేటప్పుడు ఏమీ కాలేదు, చాలామంది ఇదే తెలుసుకోవాలి. ముక్క శుభ్రంగా తెగింది. స్విచ్చి వదిలాను. అలవాటుగా మిషన్‌ని పక్కన నేల మీద పెట్టాను. స్విచ్చి వదిలినా బ్లేడు వెంటనే ఆగదు, కాసేపు దాని ఊపులో అది తిరుగుతూనే ఉంటుంది. గార్డు మూసుకుని ఉంటే ఆ తిరుగుడు ఎవరికీ ఏమీ చెయ్యదు. ఆరోజు పళ్ళు నేరుగా టైల్స్‌కి తగిలాయి. మిషన్ ఒక్క గెంతు గెంతి, పెంచుకున్న కుక్కపిల్ల ఒళ్ళోకి వచ్చినట్టు నా మీదికి వచ్చింది. మోకాలి పక్కన నేల మీద ఆనించి ఉన్న నా ఎడమచెయ్యి దానికి దొరికింది.

మొదట నొప్పి లేదు. చెయ్యి చల్లబడింది, అంతే. నూకరాజు ముందు పరుగెత్తింది నా దగ్గరికి కాదు, గోడ దగ్గరికి. ప్లగ్గు లాగేసి అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. నాకంటే వీడికి ప్లగ్గు ముఖ్యమైపోయిందా అని ఆ క్షణంలో కూడా నాకు కోపం వచ్చింది. నా కోపం అలాంటిది, సమయం సందర్భం చూసుకోదు.

వాడు ఉతికిన తువ్వాలు చుట్టి, గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని నన్ను ఆటో ఎక్కించాడు. "దించకు బావ, దించకు," అంటూనే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర పక్కనే ఆగిన బైకతను పైకెత్తిన నా చెయ్యి చూసి, తెలిసినవాడు కాబోలనుకుని తనూ చెయ్యెత్తాడు. నాకు నవ్వొచ్చింది. పక్కకి తిరిగితే నూకరాజు ఏడుస్తున్నాడు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మంచి మనిషి, కానీ అబద్ధం చెప్పి ఊరడించే రకం కాదు. "వేళ్ళు ఉంటాయి. అవి పనికి వస్తాయా లేదా అనేది నేను ఇప్పుడు చెప్పలేను," అంది. చూపుడువేలు, మధ్యవేలు, రెంటికీ నరాలు తెగాయట, మళ్ళీ కలిపారట. అంతకు మించి నేను అడగలేదు. మా పనిలో పేరంతా కుడిచేతిది. మేకు పట్టేది, చెక్క అదిమేది, నునుపు తేలిందో లేదో తడిమి చూసేది మాత్రం ఎడమచెయ్యి. అది లేకపోతే నాకు నోరు ఒక్కటే మిగులుతుంది. నోటితో అల్మరా చెయ్యలేను కదా.

కార్తీకం

చెయ్యి పట్టీలో, నేను మంచం మీద ఉన్నాను. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నూకరాజు సైటులో ఉన్న సామాను తెచ్చి వరండాలో పెట్టాడు. సత్యవతి బ్యాగు సర్దుతూ మిషన్ బయటికి తీసింది. గార్డు ఇంకా వెనక్కి కట్టే ఉంది. పసుపు కొమ్ము పక్కన దారం నల్లగా గట్టిపడిపోయింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

వంటింట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చి దారం కత్తిరించింది. గార్డు టక్కుమని మూసుకుంది. ఆ చప్పుడుకి సత్యవతి ఉలిక్కిపడి, కత్తెర జారవిడిచి, మెట్టు మీద కూలబడింది.

"నానే కట్టినాను," అంది.

"నువ్వు ప్లగ్గు తీసున్న మిషన్‌కి కట్టినావు. ఆ దారం ఒగ్గీసి ప్లగ్గెట్టింది నాను," అన్నాను మంచం మీంచే. నిజంగా కోపంగానే అన్నాను. నా గాయాన్ని ఆవిడ లాగేసుకుంటున్నట్టు అనిపించింది.

వినలేదు. ఆరోజు నుంచి మా ఇంట్లో దారం అనేది కనబడకుండా పోయింది. పూలు విడిగా కొని కట్టుకునే మనిషి, వాటిని కట్టకుండా విడిగానే దేవుడి ముందు పెట్టడం మొదలుపెట్టింది. గుమ్మానికి కట్టిన దారం తీసేసింది. కరివేపాకు కట్ట కూడా ఇంటికి రాగానే విప్పేసి, ఆ దారాన్ని బయట పారేసేది.

ఇక నా సంగతి. మిక్సీ వేస్తే నా ఒళ్ళంతా బిగుసుకుపోయేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు చట్నీకి మిక్సీ వేసేసరికి నేను మంచం దిగి గోడకి అతుక్కుపోవడం సత్యవతి చూసింది. మర్నాడే మిక్సీని పై వాటాలో ఉండే కళావతి గారింటికి మార్చేసింది. చాలా నెలలు మా చట్నీ మేడ మీంచి దిగి వచ్చేది. కళావతి గారు ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పైగా ఒక్కోరోజు మా చట్నీలోకి తనే పోపు పెట్టి పంపేవారు.

నేను మాత్రం మంచి రోగిని కాను. చొక్కా బొత్తాలు పెట్టబోతే విసుక్కునేవాణ్ణి.

"నాకు సేతకాదనుకుంటన్నావేటి?" అన్నాను ఒకసారి.

"సేతకాదు కదేటి మరి," అంది, బొత్తం పెడుతూనే. ఆ తర్వాత ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఆ నెలంతా కలిపి ఆవిడ నవ్వింది ఆ ఒక్కసారే.

మాఘం

చేతుల వైద్యం చేసే చోట వెయిటింగ్ హాలు ఎలా ఉంటుందో చూసి తీరాలి. వాపు రాకుండా అందరూ కట్టు కట్టిన చెయ్యి పైకి పెట్టుకుని కూర్చుంటారు. మేష్టారు ప్రశ్న అడిగితే క్లాసంతా చెయ్యెత్తినట్టు ఉంటుంది. జవాబు మాత్రం ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి మొహం మార్చుకుని వస్తారు.

అక్కడే మాకు ఒక చేపలమ్మ పరిచయమైంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోస్తుంది. కత్తి జారి బొటనవేలు తెగింది. నా మోచెయ్యి కుర్చీ చేతి మీద నిలవడం లేదని గమనించి, తన సంచి మడిచి దాని కింద పెట్టింది. ఆ సంచికి చేపల వాసన ఉండేది. వారం వారం ఆ వాసన తగిలితే నాకు ధైర్యంగా ఉండేది.

ఒకరోజు నేను కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోయాననుకుని సత్యవతి ఆవిడతో అంది, "నా వల్లే అయినాదమ్మ ఇదంతా." దారం సంగతి చెప్పింది.

చేపలమ్మ కట్టు కట్టిన తన బొటనవేలు చూపించింది. "మా ఆయన ఆ పొద్దున కత్తి బాగా నూరి ఇచ్చినాడు. పని తొరగా అవుతాదని. మరి ఆడిమీద కేసెట్టమంటావేటి?"

"అది ఏరే."

"ఏటి ఏరే? నూరీవోడు పేమతో నూరినాడు, కట్టీదానివి పేమతో కట్టినావు. సూసి పట్టుకోవాల్సింది మాము, నానూ మీ ఆయనా."

నేను కళ్ళు తెరవలేదు. ఎన్నిసార్లు అరిచి చెప్పినా నా నోటికి కుదరని మాట అది.

లోపల వ్యాయామం చేయించే అమ్మాయిది గోదావరి వైపు. గిన్నెలో బియ్యం పోసి, గింజ తర్వాత గింజ పట్టుకోమనేది. నేను పళ్ళు కొరికేవాణ్ణి. "కోపం మీకు కాదండి, వేలికి రావాలండి," అనేది. నా వేలికి ఏ కోపమూ రాలేదు. నా జీవితంలో నేను చూసిన అతి శాంతమైన వస్తువు అది.

ఎండలు

ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం సత్యవతి స్నానానికి వెళ్ళింది కదా అని నేనే దోసె తిరగేద్దామని పెనం దగ్గర నిలబడ్డాను. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. దోసె మాడిందేమో అని చూశాను. పెనం అంచుకి ఆని ఉన్నది నా వేలు.

తెగినప్పుడు కూడా నేను అలా బెదిరిపోలేదు. వేలు కాలుతుంటే ముక్కు చెబితేగానీ నాకు తెలియలేదు. అంటే అది నాది కాకుండా పోయిందన్నమాట. వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను. సత్యవతి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, కాలిన వేలిని పంపు కింద పెట్టి, నీళ్ళు పోతున్నంతసేపూ నా తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. "పోన్లెండి, నా వేళ్ళున్నాయి కదా," అంది. అదే మాట మరోసారి అంది. దానికి నేను ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆ రోజుల్లో షాపు నడిపింది నూకరాజు. రోజూ సాయంత్రం వచ్చి, నన్నేమీ అడగకుండా, ఆరోజు చేసిన పనిలో తప్పులు తనే ఏకరువు పెట్టేవాడు. సగం తప్పులు వాడు చేసినవి కావని నాకు తెలుసు. నేను తిట్టడానికి ఏదో ఒకటి ఉండాలని తెచ్చేవాడు. మంచి బావమరిది దొరకడం కూడా ఒక వైద్యమే.

ఎండలు ముదిరాక వేలు వంగడం మొదలైంది. ముందు కొంచెం వంగింది, తర్వాత గింజని తాకింది, తర్వాత పట్టుకుంది. స్పర్శ మాత్రం రాలేదు. గోదావరి అమ్మాయి బియ్యం గిన్నె తీసేసి నా చేతిలో ఒక దారం పెట్టింది. "ముళ్ళు వెయ్యండి. రోజూ వెయ్యండి, విప్పండి," అంది. ఆ దారాన్ని ఇంట్లో ఎవరి కంటా పడకుండా జేబులో దాచుకుని, మేడ మీద ముళ్ళు వేసేవాణ్ణి.

ఆషాఢం

మధురవాడ ఫ్లాటువాళ్ళ గృహప్రవేశం ఎప్పుడో అయిపోయింది. మిగిలిన అల్మరాలన్నీ నూకరాజు పూర్తి చేశాడు, స్టవ్ కింద తలుపు ఒక్కటి తప్ప. ఆ ఇంటావిడ దాన్ని చెయ్యనివ్వలేదట. అక్కడ ఒక పాత చీర ముక్క తెరగా కట్టి, "ఈ తలుపు ఆయన చెయ్యి బాగయ్యాక ఆయనే చెయ్యాలి," అందట. ఆ సంగతి నాకు ఆషాఢం దాకా చెప్పలేదు నూకరాజు.

వెళ్ళాం. ప్లైవుడ్ ముక్కని బల్లకి రెండు క్లాంపులతో బిగించాను. ఇదివరకు క్లాంపు వెతుక్కోవడం బద్ధకమై చేత్తో అదిమి పట్టేవాణ్ణి. ఇప్పుడు రెండు చేతులూ మిషన్ మీదే. రెండూ అక్కడే ఉంటే బ్లేడు కిందికి వెళ్ళడానికి మూడో చెయ్యి నాకు లేదు కదా. ప్లగ్గు పెట్టకముందే గార్డుని వెనక్కి లాగి వదిలాను. టక్కుమంది. నూకరాజు వినబడిందన్నట్టు తలూపాడు.

స్విచ్చి నొక్కలేకపోయాను. చాలాసేపు అలాగే నిలబడ్డాను.

"నాను కోత్తానులే బావ," అన్నాడు వాడు మెల్లగా.

"నువ్వు నోరు మూసుకుని ప్లగ్గు కాడ నించో," అన్నాను.

నించున్నాడు. వాడు అక్కడ ఉన్నాడు కాబట్టే నొక్కాను. చెక్క తెగింది. స్విచ్చి వదిలి, గార్డు మూసుకుందో లేదో చూసి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా మిషన్‌ని చేతుల్లోనే ఉంచుకున్నాను. ఆ తర్వాతే కింద పెట్టాను. ఇంటావిడ చీర ముక్క తీసేసి మాకు టీ ఇచ్చింది. ఆ సాయంత్రం నేను మేడ ఎక్కి, కళావతి గారింట్లోంచి మా మిక్సీని కిందికి తెచ్చాను.

శ్రావణం

వరలక్ష్మీ వ్రతం ముందురోజు సత్యవతి కలశం, పూలు, పత్రి అన్నీ సర్దింది. తోరం మాత్రం లేదు. తొమ్మిది పోగుల దారానికి పసుపు రాసి, తొమ్మిది ముళ్ళు వేసి, పూజలో పెట్టి చేతికి కట్టుకుంటారు. అది లేకుండా వ్రతం చేసినవాళ్ళని నేను చూడలేదు.

"తోరం ఏదీ?" అన్నాను.

"ఈ ఏడు ఒద్దు. పూజ సేత్తాను, సాలు," అంది.

శుక్రవారం పొద్దున పరమాన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంది. నేను జేబులోంచి తోరం తీసి కలశం ముందు పెట్టాను. నా వేళ్ళన్నీ పసుపే.

"ఇదెవులు కట్టినారు?"

"ఎడం సెయ్యి."

ఆవిడ దాన్ని తీసుకుని ముళ్ళు ఒక్కొక్కటే తడిమింది. "ఇదేటి, వంకరగా ఉంది?"

"సూపుడువేలు ఏసిన ముడి. దానికి ఇంకా సదువు రానేదు."

నవ్వలేదు. దారాన్ని రెండువైపులా పట్టుకుని గట్టిగా లాగింది. ముళ్ళు ఊడలేదు.

"దసరాకి మిషన్ల పూజ?" అంది తలెత్తకుండా. ఆ మాట కోసం నేను కార్తీకం నుంచి ఎదురు చూస్తున్నాను.

"ప్లగ్గు తీసి, గార్డు మీద బొట్టెట్టు. రేకే మనకి లాబం. దారం మాత్రం మిషన్‌కి ఒద్దు. పన్లో నా సేతికీ ఒద్దు, బ్లేడుకి సిక్కుకుంటాది. దారం నీకే."

తోరానికి పూజ అయ్యాక కుడిచెయ్యి చాపింది. మణికట్టు చుట్టూ తిప్పి, ముడి జారకుండా దారాన్ని ఎడమ చూపుడువేలితో అదిమి పట్టుకుని, రెండో చేత్తో బిగించబోతూ ఆగిపోయాను. వేలి కింద ఏదో కదిలింది. నా భ్రమ అనుకున్నాను. మళ్ళీ కదిలింది.

"ఏటి, ఆగిపోనారు?" అంది.

"ఉండు. కొట్టుకుంటంది."

"ఏటి?"

"నీ నాడి."

పొయ్యి మీద పరమాన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరికీ వచ్చింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.